తోడేలు గొంతు, కింగ్‌స్టన్ ప్రతిధ్వని: లిటిల్ యాక్స్ ఆల్బమ్ విజయనగరం చెవులకు ఎలా వినిపిస్తుంది

ఫోన్ స్పీకరు దాదాపు 300 హెర్ట్జ్ కిందికి దిగేసరికి చేతులెత్తేస్తుంది. ఈ ఆల్బమ్‌లో అసలు కథ 40 నుంచి 120 హెర్ట్జ్ మధ్య, అంటే బాగా కింది స్వరాల్లో (బాస్) నడుస్తుంది. కాబట్టి 'ది వూల్ఫ్ దట్ హౌస్ బిల్ట్'ను ఫోన్లో విని, పలచగా ఉంది, ఏదో గొణుగుడులా ఉంది అని పక్కన పెట్టినవాళ్లు మరోసారి వినాలి. ఈసారి సరైన స్పీకరు పెట్టెల మీద వినాలి. ఆ పెట్టెలు ఎలా అమర్చుకోవాలో, ఎక్కడ తప్పు జరుగుతుందో కూడా ఈ సమీక్షలోనే చెబుతాం. ఎందుకంటే ఈ సంగీతం విషయంలో ఆ రెండూ విడివిడి సంగతులు కావు.

1994లో వచ్చిన ఆల్బమ్ ఇది. లిటిల్ యాక్స్ అన్నది గిటారిస్టు స్కిప్ మెక్‌డొనాల్డ్ పెట్టుకున్న పేరు. ఒహాయో రాష్ట్రంలోని డేటన్‌లో 1949లో పుట్టాడు. బ్లూస్ (అమెరికా నల్లజాతివాళ్ల పాట) గిటార్ తండ్రి దగ్గర నేర్చుకున్నాడు. తర్వాత బాస్ వాయించే డగ్ వింబిష్, డ్రమ్మర్ కీత్ లెబ్లాంక్‌తో కలిసి షుగర్ హిల్ రికార్డ్స్‌లో హౌస్ బ్యాండ్‌గా పనిచేశాడు. అమెరికాలో ర్యాప్ రికార్డులు మొదలైన రోజులవి. ఆ ముగ్గురూ లండన్ వెళ్లి, ఆన్-యు సౌండ్ సంస్థ నడిపే ఏడ్రియన్ షెర్‌వుడ్‌తో చేతులు కలిపి టాక్‌హెడ్ అనే జట్టు కట్టారు. ఆ స్నేహంలోంచే ఈ ఆల్బమ్ పుట్టింది. బ్లూస్ పుట్టుకతో వచ్చింది, హిప్-హాప్ ఉద్యోగంలో అబ్బింది, డబ్ షెర్‌వుడ్ మిక్సింగ్ బల్ల మీద కలిసింది. మూడూ ఒకే మనిషి చేతి కింద ఉండటం వల్ల అతుకులు కనబడవు.

పేరులో తోడేలు అంటే హౌలింగ్ వూల్ఫ్. అసలు పేరు చెస్టర్ బర్నెట్. 1910లో మిసిసిపిలో పుట్టి, షికాగోలో చెస్ రికార్డ్స్‌కు పాడి, 1976లో పోయాడు. ఆయన పాత రికార్డుల్లోని గొంతు ముక్కల్ని తీసుకుని కొత్త బాస్, కొత్త డ్రమ్స్ మీద పరిచారు. పాత నల్లజాతి పాటగాళ్ల గొంతుల్ని కొత్త బీట్ల మీద పెట్టి అమెరికా సంగీతకారుడు మోబీ 'ప్లే' ఆల్బమ్ చేసింది 1999లో. అది కోట్లమందికి చేరింది. ఈ పని అంతకు 5 ఏళ్ల ముందే, ఇంకా నిదానంగా, ఇంకా లోతుగా జరిగిందని చాలామందికి తెలియదు. మోబీ దగ్గర పాత గొంతు పల్లవి అవుతుంది. ఇక్కడ ఆ గొంతు గదిలో ఓ మూల కూర్చున్న పెద్దమనిషిలా ఉంటుంది. ఎప్పుడో ఒక మాట అంటాడు, మళ్లీ మౌనం. ఆ మౌనంలో గిటార్ జవాబు చెబుతుంది.

డబ్ అంటే తెలియనివాళ్లకు కొంచెం వివరంగా. జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో వీధి డాన్సులకు పెద్ద పెద్ద బాక్సులు పేర్చి రికార్డులు వేసేవాళ్లు. దాన్నే సౌండ్ సిస్టమ్ అంటారు. మన జాతరల్లో డీజే బాక్సుల వరస లాంటిదే అనుకోండి. అక్కడ కింగ్ టబ్బీ అని ఒక రేడియో, యాంప్లిఫయర్ మెకానిక్ ఉండేవాడు. ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టడం, వాల్వ్ సెట్లు బాగుచెయ్యడం ఆయన వృత్తి. 1970లలో 4 ట్రాకుల టేపు మీద ఉన్న పాటను తీసుకుని, పాడినవాడి గొంతు తీసేసి, బాస్, డ్రమ్స్ మాత్రం ఉంచి, మధ్యమధ్య గిటారునో గొంతునో ఒక్క క్షణం లోపలికి వదిలి, దాన్ని ఎకోలోకి తోసేసేవాడు. ఆ ముక్క తిరిగి తిరిగి వినబడుతూ చివరికి కరిగిపోతుంది. మిక్సింగ్ బల్లనే వాయిద్యంగా మార్చినవాడు ఆయన. వాద్యకారుడి పేరుతో పాటు మెకానిక్ పేరు కూడా సంగీత చరిత్రలోకి ఎక్కడం ఎంత సంతోషించదగ్గ విషయం!

షెర్‌వుడ్ ఆ బడి మనిషే. ఈ ఆల్బమ్‌లో ఆయన చేసిన గొప్ప పని ఏమిటంటే ఎకోను గిటారుకు జవాబుగా వాడటం. బ్లూస్‌లో పాటగాడు ఒక వరస పాడతాడు, గిటార్ దానికి బదులిస్తుంది. ఇక్కడ గిటార్ ఒక వరస వాయిస్తుంది, ఎకో బదులిస్తుంది. ఆ ఎకో ప్రతి తిరుగుడుకూ పై స్వరాలు కొంచెం కోల్పోతుంది, మూడోసారికి దూరంగా, నాలుగోసారికి పొగలా అయిపోతుంది. పాత టేప్ ఎకో యంత్రాల గుణమిది. టేపు మీద రాసి, చదివి, మళ్లీ రాసేటప్పుడు పై స్వరాలు అరిగిపోతాయి. ఆ అరుగుదలే ఈ సంగీతానికి వయసు తెస్తుంది.

ఇప్పుడు స్వరాల సంగతి. విజయనగరం సంగీత కళాశాల 1919లో మొదలైంది. ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాలు, 1936 నుంచి ద్వారం వెంకటస్వామినాయుడు. ఆ ఊళ్లో వయొలిన్ విని పెరిగిన చెవికి బ్లూస్ గిటారు అంత కొత్తగా ఉండదు. బ్లూస్ వాళ్ల మైనర్ పెంటాటోనిక్ అనే 5 స్వరాల వరస అంటే స, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, కైశికి నిషాదం. స్వరాల లెక్కన అచ్చంగా శుద్ధధన్యాసి. తేడా గమకంలో ఉంది. బ్లూస్ గిటారిస్టు గాంధారాన్ని తీగ వంచి సాధారణానికీ అంతరానికీ మధ్య ఎక్కడో ఆపుతాడు, రెంటిలో ఏదీ కాకుండా. అక్కడే ఆ ఏడుపు ఉంటుంది. మధ్యమం మీంచి పంచమానికి ఎక్కేటప్పుడు ప్రతి మధ్యమాన్ని తగిలించి వదిలేస్తాడు. కీబోర్డు మీటల మీద ఆ వంపులు రావు. వయొలిన్ మీద వస్తాయి. సంగీత కళాశాల విద్యార్థులు ఒక్క పాటలోని గిటార్ వరసను స్వరం కట్టి చూస్తే గంటలో తేలిపోతుంది.

లయ విషయంలో మాత్రం అలవాటు మార్చుకోవాలి. మన చెవి సమం మీద దరువు కోసం చూస్తుంది. జమైకా సంగీతం రెగ్గేలోని వన్ డ్రాప్ నడకలో 4 లెక్కల్లో మొదటిది ఖాళీ, పెద్ద డ్రమ్ము మూడో లెక్క మీద పడుతుంది. ఈ ఆల్బమ్‌లో డ్రమ్స్ చాలాచోట్ల హిప్-హాప్ నడకలోకి వస్తాయి కానీ బాస్ మాత్రం రెగ్గే మర్యాదే పాటిస్తుంది, ఖాళీ వదిలి ఆలస్యంగా దిగుతుంది. అనాగతంలో ఎత్తుకున్న కీర్తన వింటున్నట్టు వింటే ఇబ్బంది ఉండదు. వేలితో లెక్కపెట్టుకుంటూ ఒక్క పాట వినండి, రెండో పాటకు ఒళ్లే పట్టుకుంటుంది.

ఉత్తరాంధ్ర వాళ్లకు ఇంకో దగ్గరి దారి ఉంది. జముకు. ఒక వైపు తోలు బిగించిన డొల్ల, తోలు నడిమి నుంచి బయటికొచ్చే తంతి. ఒక చేత్తో తంతి లాగి, రెండో చేత్తో మీటుతారు. లాగుడు బిగిస్తే స్వరం పైకి, వదిలితే కిందికి. డోలు కూడా అదే, తంతి వాద్యం కూడా అదే. జముకుల కథ చెప్పేటప్పుడు కథకుడి గొంతు ఆగిన చోట జముకు 'ఊఁ' అని మూలుగుతుంది. వింబిష్ బాస్ గిటార్ చేసే పని ఇదే. లోతుగా పలికి, స్వరం చివర కొంచెం కిందికి జారి, గొంతుకు తోడు నిలుస్తుంది. శ్రీకాకుళం పల్లెల్లో జముకు విన్న మనిషిని ఈ ఆల్బమ్ ముందు కూర్చోబెడితే, ఇంగ్లీషు మాట ఒక్కటీ అర్థం కాకపోయినా బాస్ ఏం చేస్తోందో అర్థమవుతుంది. తప్పెటగుళ్ల తోవ వేరు. అది ఖాళీ ఇవ్వదు, రొమ్ము మీద దరువుతో నింపేస్తుంది. ఈ ఆల్బమ్ తప్పెటగుళ్లలా ఊపుతుందని ఆశించి కూర్చుంటే నిరాశే.

మిసిసిపి నుంచి రైలెక్కి షికాగో ఫ్యాక్టరీలకు వలస పోయినవాళ్ల పాట ఎలక్ట్రిక్ బ్లూస్. పొలం గట్టు మీద ఒంటరిగా పెట్టే కేక, ఊరి రణగొణలో వినబడాలని యాంప్లిఫయర్‌లోకి ఎక్కింది. పలాస స్టేషనులో సంచులు పట్టుకుని నిలబడ్డవాళ్లను, గుజరాత్‌లోని వేరావల్ రేవుకు వేటకు పోయే శ్రీకాకుళం మత్స్యకారుల్ని చూసిన ఊళ్లవాళ్లకు ఆ కేక ఎక్కడిదో విడమరచి చెప్పనక్కర్లేదు.

ఇక వినడం. ముందు పెట్టెల పరీక్ష. ఫోన్లో టోన్ జనరేటర్ యాప్ వేసుకుని, ఫోన్‌ను పెట్టెలకు కలిపి 80, 60, 50, 40 హెర్ట్జ్ వరసగా మోగించండి. 80 గట్టిగా, 60 దగ్గర సగానికి పడి, 50 దగ్గర మాయమైతే మీ పెట్టెలు బాస్ గిటార్ కింది తీగను వినిపించలేవు. ఆ తీగ 41 హెర్ట్జ్. 5 అంగుళాల వూఫరు మామూలుగా 50-55 దాకా దిగుతుంది, 8 అంగుళాలది 40 ప్రాంతానికి వస్తుంది. చవక 2.1 సెట్ల సబ్ వూఫర్లతో వేరే చిక్కు. అవి 80-100 మధ్య ఒకే చోట మోగుతాయి, ఏ స్వరం వాయించినా 'బుం' అనే ఒక్కటే శబ్దం. ఈ ఆల్బమ్‌లో బాస్ పాడుతుంది, కాబట్టి ఒక్క స్వరపు పెట్టె దాన్ని చంపేస్తుంది. సబ్ ఉంటే క్రాసోవర్ (కింది స్వరాల్ని సబ్‌కు, పైవాటిని స్పీకర్లకు విడదీసే చోటు) 80 దగ్గర పెట్టండి. సబ్ ఎక్కడుందో చెవికి తెలియకూడదు. తెలిసిందంటే వాల్యూమ్ ఎక్కువైనట్టు.

రెండోది, లోకల్‌గా బిగించిన సెట్లలో తరచూ కనబడే తప్పు. ఒక స్పీకరుకు ఎరుపు, నలుపు వైర్లు తారుమారవుతాయి. అప్పుడు రెండు కోన్లూ ఒకదానికొకటి ఎదురు కదిలి బాస్‌ను కొట్టేస్తాయి. పాట పలచబడుతుంది, గొంతు ఎక్కడినుంచి వస్తోందో తెలియదు. చూడటం సులువు: యాంప్లిఫయర్ ఆపి ఒక్క స్పీకరు వైర్లు మార్చి బిగించి, అదే బాస్ వరస మళ్లీ వినండి. ఏ అమరికలో బాస్ పెరిగిందో అది సరైనది.

గది. మన స్లాబ్ ఇళ్లలో 10 బై 12 అడుగుల గది మామూలు. 12 అడుగుల పొడవు 47 హెర్ట్జ్ దగ్గర, 10 అడుగుల వెడల్పు 56 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. బాస్ మీద ఇవి సుమారుగా జి, ఎ స్వరాల చోటు. ఆ స్వరాలు వచ్చినప్పుడు కిటికీ రెక్కలు దడదడలాడి, పక్క స్వరాలు వినబడకపోతే తప్పు ఆల్బమ్‌ది కాదు. కప్పు కూడా 10 అడుగులైతే ఆ 56 హెర్ట్జ్ మోత ఇంకా బలపడుతుంది. గోడకు పరుపులు ఆనించినా లాభం తక్కువ. 47 హెర్ట్జ్ అల పొడవు 7 మీటర్లు దాటుతుంది, పత్తి దాన్ని ఆపలేదు. చోటు మార్చడమే మందు. స్పీకర్లను గోడకు ఒకటిన్నర అడుగు ఎడంగా, మూలలకు దూరంగా పెట్టండి. వెనక గోడకు ఆనుకుని కూర్చోవద్దు, అక్కడ బాస్ ఉబ్బిపోతుంది. గది నట్టనడుమ కూర్చున్నా 47 పూర్తిగా పడిపోతుంది. వెనక గోడ నుంచి నాలుగున్నర అడుగుల దగ్గర కుర్చీ వేసుకుంటే రెండు బాధలూ తప్పుతాయి.

వాల్యూమ్ మరీ తగ్గిస్తే ఈ ఆల్బమ్ చప్పబడిపోతుంది. చెవి చిన్న శబ్దంలో కింది స్వరాల్ని సరిగా పట్టదు. ఇది 1933లో ఫ్లెచర్, మన్సన్ కొలిచి చూపించిన సంగతి. పక్కమనిషితో మాట్లాడాలంటే కాస్త గొంతు పెంచాల్సినంత ఉండాలి. అపార్ట్‌మెంట్‌లో రాత్రిపూట అది కుదరదు, కింది స్వరాలు గోడల్లోంచి పక్కింటికి పోతాయి. అప్పుడు చెవి మొత్తం మూసే హెడ్‌ఫోన్లు వాడండి. చెవిలో పెట్టుకునే రకమైతే రబ్బరు టోపీ సైజు చూసుకోండి. సరిగా మూసుకోకపోతే మొదట పోయేది బాసే. ఒకే ఒక్క బ్లూటూత్ పెట్టె మీద ఎడమ నుంచి కుడికి పారే ఎకోలన్నీ ఒకచోట ముద్దయిపోతాయి. ఫోన్లో బాస్ బూస్ట్, త్రీడీ సౌండ్ లాంటివి ఆపేయండి. రాకెట్ హారన్ల మైక్ సెట్ మీద అసలు వద్దు, హారన్ కింది స్వరాలు పలకదు. డీజే బాక్సుల్లో 18 అంగుళాల వూఫర్లు ఉంటాయి, లోతు ఉంటుంది. కానీ బాస్, ట్రెబుల్ రెండూ పైకి తోసి మధ్య స్వరాలు గుంట చేసి పెడతారు. స్కిప్ గిటారు, తోడేలు గొంతు బతికేది ఆ మధ్యలోనే. ఈక్వలైజర్ మొత్తం సమంగా పెట్టించి వింటే, కింగ్‌స్టన్ వీధి ఎలా ఉండేదో కొంతైనా తెలుస్తుంది.

ఇంకొకటి. మన కరెంటు 50 హెర్ట్జ్. బాస్ మీద జి స్వరం 49. ఎర్తింగ్ సరిగా లేని ఇంట్లో యాంప్లిఫయర్ గుయ్‌మని మోగుతుంటే ఆ హమ్, బాస్ స్వరం ఒకదానిలో ఒకటి కలిసి అలలా ఊగుతాయి. ఈ ఆల్బమ్‌లో నిశ్శబ్దం ఎక్కువ కాబట్టి మరీ బయటపడుతుంది. ల్యాప్‌టాప్ నుంచి వింటుంటే ఛార్జర్ పీకి చూడండి. హమ్ ఆగితే ఎర్త్ సమస్య అని తేలినట్టే.

నచ్చనివి కూడా చెప్పాలి. రెండో సగంలో వేగాలు ఒకేలా ఉంటాయి. వరసగా 4 పాటలు ఒకే నడకలో పోయేసరికి ఏది ఎక్కడ ముగిసిందో పట్టు దొరకదు. డ్రమ్ శబ్దాల్లో కొన్ని ఆ దశాబ్దానివే అని వెంటనే తెలిసిపోతుంది. గిటారుకు లేని కాలపు ముద్ర వాటికి ఉంది. పాత రికార్డు ముక్కల్ని కొన్నిచోట్ల మరీ ఎక్కువసార్లు తిప్పారు. హౌలింగ్ వూల్ఫ్ గొంతుకు బలం అది మారుతూ పోవడంలో ఉంది, అదే ముక్క పదోసారి వచ్చేసరికి మనిషి పోయి బొమ్మ మిగులుతుంది. ఇది చిన్న లోపమని మేం అనుకోవడం లేదు. ఆల్బమ్ మొత్తం ఆ గొంతు మీద గౌరవంతో కట్టింది కాబట్టే ఇది కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అందుకే ఒకే దఫాలో మొత్తం వినమని చెప్పం. మొదటి సగం ఒక సాయంత్రం, మిగతాది మరునాడు.

గిటార్ చేతిలో ఉన్నవాళ్లు ఈ శబ్దం తామే తెచ్చుకోవాలంటే పెద్ద ఖర్చు లేదు. వేగం నిమిషానికి 72 పెట్టుకోండి. అప్పుడు ఒక లెక్క 833 మిల్లీసెకన్లు, దాంట్లో ముప్పావు 625. ఎకోను 625 మీద పెడితే తిరిగొచ్చే స్వరం మీరు వాయించే దరువుకూ దరువుకూ నడుమ పడుతుంది, ఖాళీ దానంతటదే నిండుతుంది. ఫీడ్‌బ్యాక్ (ఎకోలో ఎంత భాగం మళ్లీ ఎకోలోకే పోవాలో చెప్పే నాబ్) 40 శాతం దాటించవద్దు. 4-5 తిరుగుళ్లకు కరగాలి. ఎప్పుడైనా ఒక్క స్వరం మీద 80కి తిప్పి, రెండు లెక్కల్లో మళ్లీ కిందికి తేవాలి. ఆలస్యమైతే ఎకోలు ఒకదాని మీద ఒకటి పేరుకుని పాటను కప్పేస్తాయి. కొత్తవాళ్లందరూ పడే గుంట ఇదే. ఎకో బయటికొచ్చే చోట 200 హెర్ట్జ్ కింద, 3,000 పైన కోసేయండి. కింది భాగం కోయకపోతే ఎకో వెళ్లి బాస్ మీద కూర్చుంటుంది, మొత్తం బురదవుతుంది. పై భాగం కోయకపోతే టేపు లక్షణం రాదు, స్వరం గాజులా గుచ్చుకుంటుంది.

బాస్ గిటార్ మీద టోన్ నాబ్ పూర్తిగా తగ్గించి, బ్రిడ్జి దగ్గర తీగల కింద వేలెడు మందం ఫోమ్ ముక్క దూర్చండి. పరుపుల కొట్లో మిగిలిన ముక్క చాలు. స్వరం మొదలు బొద్దుగా వచ్చి తొందరగా ఆగుతుంది. ఆ ఆగడమే డబ్ బాస్. ఎలక్ట్రిక్ గిటారుకు 10-46 సెట్ తీగలు (అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన మందం) వేస్తే గాంధారం వంచడానికి వేలు నొప్పి పుట్టదు. కళింగపట్నం, భీమునిపట్నం వైపు సముద్రపు గాలి తగిలే ఇళ్లలో తీగలు తొందరగా తుప్పుపడతాయి. వాయించిన ప్రతిసారీ పొడి గుడ్డతో తుడవండి, గరుకు తగలగానే మార్చేయండి. తుప్పు తీగ వంచితే సగం దారిలో పట్టేస్తుంది, గాంధారం కావలసిన చోట ఆగదు.